ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కాగితాల పని

వాంతులు తగ్గాయి, తిన్నది ఒంటపడుతోంది, పొట్ట ఇంకా పనికి అడ్డం రావట్లేదు. చాలామందికి ఐదో నెల ఇలా హాయిగా గడిచిపోతుంది. చిక్కంతా అలా గడిచిపోవడంలోనే ఉంది. బాలాపూర్, పహాడీ షరీఫ్, మామిడిపల్లి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు, కార్గోకు, ఆదిభట్ల కంపెనీలకు డ్యూటీకెళ్లే ఆడవాళ్లకు చెప్పదలచుకున్నది ఒకటే. స్కాన్, షిఫ్టు, సెలవు ఈ నెలలోనే తేల్చుకోండి. ఎనిమిదో నెలలో వాచిన కాళ్లతో హెచ్‌ఆర్ గది ముందు కూర్చోవడం కన్నా ఇదే సుఖం.

ముందు లెక్క సరిచూసుకోండి. ఇంట్లో అత్తమ్మ ‘ఐదో నెల పడ్డది’ అంటుంది. డాక్టరూ, కంపెనీ, చట్టమూ వారాల్లో మాట్లాడతాయి. చివరి నెలసరి మొదటిరోజు నుంచి మొత్తం 40 వారాలు, 20 నిండితే సగం దారి. డాక్టరు ఫైలు మీద రాసిన కాన్పు తేదీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సెలవు లెక్కంతా ఆ తేదీ నుంచి వెనక్కే నడుస్తుంది.

ఇక టిఫా స్కాన్. 18 నుంచి 20 వారాల మధ్య చేయించుకుంటే మేలు. బిడ్డ తల, వెన్నుపూస, గుండె గదులు, మూత్రపిండాలు, కాళ్లూచేతులు ఒక్కొక్కటే చూస్తారు. మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుందీ రాస్తారు. బిడ్డ బోర్లా తిరిగి ఉంటే ‘కాసేపు నడిచి రా అమ్మా’ అని బయటికి పంపుతారు, ఒక్కోసారి ఇంకో రోజు రమ్మంటారు. కాబట్టి రెండు గంటల పర్మిషన్ చాలదు, ఆ రోజుకు పూర్తి సెలవు పెట్టండి. ఆలస్యం చేయొద్దనడానికి ఇంకో కారణం ఉంది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, బిడ్డలో తీవ్ర లోపం బయటపడితే 24 వారాల లోపు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం ఉంచుకోవాలో వద్దో నిర్ణయం తీసుకోవచ్చు. అది దాటితే మెడికల్ బోర్డు దాకా పోవాలి. సీమంతానికి ముహూర్తం చూసే ఇళ్లలో టిఫాకు తేదీ చూసేవాళ్లు తక్కువ!

ప్రైవేటులో డబ్బు కట్టలేమనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2022 నవంబరులో తెలంగాణలోని 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా మెషిన్లు ఇచ్చారు. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో అడగండి. ఆడా మగా అని మాత్రం అడక్కండి. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, చెప్పించుకోవడమూ నేరమే. రిపోర్టులో ‘మాయ కిందకు ఉంది’ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. అయితే బరువులెత్తే పనైతే ఆ కాగితం డాక్టరుకు చూపించి, ఎత్తొచ్చో లేదో రాయించుకోండి.

తొలి కాన్పు వాళ్లకు బిడ్డ కదలిక ఇంచుమించు ఈ రోజుల్లోనే తెలుస్తుంది, చేపపిల్ల తోక ఆడించినట్టు ఉంటుంది. డ్యూటీలో తిరుగుతుంటే తెలియకపోవచ్చు. 24 వారాలు నిండినా తెలియకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎయిర్‌పోర్టు ఉద్యోగాల్లో ఎక్కువగా వినిపించే భయం సెక్యూరిటీ గేటు గురించి. రోజూ మనుషులు దాటే ఆ డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్‌లో ఎక్స్‌రే ఉండదు, లోహాన్ని పసిగట్టే అయస్కాంత క్షేత్రం మాత్రమే. ఎక్స్‌రే బ్యాగుల మెషిన్‌లో ఉంటుంది, దానికీ చుట్టూ సీసపు కవచం ఉంటుంది. అసలు భయపడాల్సింది నీళ్లు తాగకపోవడం గురించి. టాయిలెట్‌కు మాటిమాటికీ పోనివ్వరని నీళ్లు మానేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, అది నెలలు నిండకుండానే నొప్పులు తెప్పించగలదు. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, కాల్షియంతో కలిపి వేసుకోవద్దు. తలనొప్పి వదలకపోయినా, కళ్లు మసకబారినా, ముఖం వాచినా బీపీ చూపించుకోవాలి. ఇరవయ్యో వారం తర్వాతే ఈ బీపీ జబ్బు మొదలవుతుంది. రక్తం కనిపించినా, నీరు పోయినా షిఫ్టు అయ్యేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ పరీక్ష 24, 28 వారాల మధ్య ఉంటుంది, దానికీ ఇప్పుడే ఒక పూట రాసిపెట్టుకోండి.

సెలవు విషయానికొద్దాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవును 26 చేశారు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అంతే ఉంది. ఇందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది 8 వారాలు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే మొత్తం 12 వారాలే. కాన్పు తేదీకి ముందటి ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి.

నెల జీతం 21,000 రూపాయల లోపుంటే మీకు డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. అక్కడ లెక్క వేరు. గడిచిన రెండు చందా కాలాల్లో, అంటే ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి, కలిపి 70 రోజుల చందా పడి ఉండాలి. 15,000 జీతానికి మీ వాటా నెలకు సుమారు 113 రూపాయలు. పే స్లిప్పులో కోత కనిపించడం వేరు, ఆ డబ్బు ఈఎస్ఐకి చేరడం వేరు. కాంట్రాక్టరు మారిన చోట ఈ తేడా బయటపడేది సరిగ్గా కాన్పు ముందరే. మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లో నెలనెలా పడ్డ రోజులు చూసుకోండి. ఒక నెల ఖాళీ కనిపిస్తే సరిచేయించుకోవడానికి ఇంకా నాలుగైదు నెలలుంది.

కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు ‘మాకెక్కడిది సెలవు’ అనే నిరాశ ఎక్కువ. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్ల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే దినకూలీలకూ ఈ హక్కు ఉందని తేల్చింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి డబ్బు ఆగదని 2023లో కవితా యాదవ్ కేసులో మళ్లీ చెప్పింది. ప్రసూతి సెలవులో ఉండగా తీసేయడం చెల్లదు. గర్భంతో ఉండగా తీసేసినా రావాల్సిన డబ్బు పోదు. సూపర్‌వైజరుకు ఇవన్నీ తెలియకపోవచ్చు, అతనితో వాదించడం కన్నా కాగితం ఇవ్వడం మంచిది.

ఆ కాగితంలో నాలుగు ముక్కలు చాలు: ‘నేను గర్భవతిని, 20 వారాలు నిండాయి. కాన్పు తేదీ ఫలానా. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు కావాలి. అప్పటిదాకా పగటి షిఫ్టు, కూర్చుని చేసే పని ఇవ్వగలరు.’ డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. సెలవు తేదీ తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి అంచనాగా రాసినా ఫర్వాలేదు. ‘మేడమ్, నోటితో చెప్పిన కదా’ అంటే రేపు ఎవరికీ గుర్తుండదు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టనంటే ఆ కాగితాన్నే ఫొటో తీసి హెచ్‌ఆర్ మెయిల్‌కు, కాంట్రాక్టు వాళ్లయితే కాంట్రాక్టరుతో పాటు అసలు కంపెనీకి కూడా పంపండి. మెయిల్ వెళ్లిన తేదీ మీకు రసీదు.