ఈమెయిల్ రావడం వేరు, పోవడం వేరు

నోటీసుకు జవాబు ఇవ్వడానికి అది ఆఖరు రోజు. బెంగళూరులో చిన్న ముద్రణాలయం నడుపుకొనే ఒక తెలుగు గృహస్థు, ఆస్తిపన్ను లెక్కలో దొర్లిన పొరపాటును వివరిస్తూ జాబు రాశారు. పాత రసీదులను స్కాన్ చేసి జతపరిచి, కంప్యూటర్‌లోని మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ‘సెండ్’ నొక్కారు. ఆ తరువాత కూడా ఖాతాదారుల నుంచి మెయిళ్లు యథావిధిగా వస్తూనే ఉన్నాయి. అంతా సవ్యంగా ఉన్నదని భావించి దుకాణం మూసి ఇంటికి వెళ్లారు. మరునాడు ఉదయం చూస్తే ఆ జాబు ‘ఔట్‌బాక్స్’లోనే పడి ఉన్నది.

ఇది పాఠం కోసం కల్పించిన ఉదాహరణ. అయినా కంప్యూటర్ ద్వారా దరఖాస్తులు, అభ్యంతరాలు, బిల్లులు పంపే ఎవరికైనా ఇటువంటి ఇబ్బంది ఎదురుకావచ్చు. 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఉభయ పక్షాలూ వేరే విధంగా అంగీకరించి ఉంటే తప్ప, ఎలక్ట్రానిక్ పత్రం పంపేవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడే దానిని పంపినట్లు లెక్క. ఔట్‌బాక్స్ మన కంప్యూటర్‌లోని అర మాత్రమే. అందులో ఆగిన జాబు, రాసి మేజా సొరుగులో పెట్టుకున్న ఉత్తరంతో సమానం. కనుక జాబు బయటకు వెళ్లిందో లేదో తెలుసుకోవడం, వెళ్లకపోతే కారణం కనిపెట్టడం ప్రతి పౌరునికీ అవసరమైన విద్య.

రెండు దారులు

తపాలా మనిషి మన ఇంటికి ఉత్తరం తెచ్చి ఇవ్వడం ఒక పని. మనం ఉత్తరం తీసుకువెళ్లి పోస్టు డబ్బాలో వేయడం మరొక పని. ఈమెయిల్‌లోనూ అంతే. వచ్చే మెయిళ్లను ‘ఐమ్యాప్’ లేదా ‘పాప్’ అనే పద్ధతి తెచ్చి ఇస్తుంది. పోయే మెయిళ్లను ‘ఎస్‌ఎమ్‌టీపీ’ అనే పద్ధతి మోసుకుపోతుంది. రెండింటికీ సర్వర్ పేర్లు, ద్వారాల సంఖ్యలు వేరువేరు. చాలా సాఫ్ట్‌వేర్లలో పాస్‌వర్డ్‌లను కూడా విడివిడిగా భద్రపరుస్తారు. అందువల్ల మెయిళ్లు వస్తున్నాయి కాబట్టి పోతున్నాయని అనుకోవడం పొరపాటు.

ఎస్‌ఎమ్‌టీపీ నియమావళి 1982లో వెలువడింది. పంపేవారు ఎవరో నిరూపించుకోవాలన్న నిబంధన అప్పటి పద్ధతిలో లేదు. తరువాతి కాలంలో అనవసరపు మెయిళ్లు, మోసపు మెయిళ్లు వెల్లువెత్తడంతో పోయే దారికి ఒకదాని వెంట ఒకటిగా తాళాలు పడ్డాయి. మనకు ఎదురయ్యే చిక్కులలో అధిక భాగం ఈ తాళాలలో ఏదో ఒకటి తెరుచుకోకపోవడమే.

మొదట గడువు, తరువాత మరమ్మతు

జాబు ఆగిందని తెలిసిన వెంటనే సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూడడం మొదలుపెట్టవద్దు. బ్రౌజర్ తెరిచి, మీ మెయిల్ ఖాతాలోకి నేరుగా ప్రవేశించి, అదే జాబును అక్కడి నుంచి పంపండి. దీనివల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. గడువు తప్పిపోదు. అంతేకాక, బ్రౌజర్ నుంచి జాబు వెళ్లినట్లయితే ఖాతా బాగానే ఉన్నదనీ, లోపం కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లోనో దాని అమరికలోనో ఉన్నదనీ తేలుతుంది. అలా పంపిన తరువాత ఔట్‌బాక్స్‌లోని ప్రతిని తొలగించండి. లేకపోతే మరమ్మతు పూర్తికాగానే అది రెండవసారి వెళుతుంది.

బ్రౌజర్ నుంచి కూడా జాబు వెళ్లకపోతే ఖాతాలో నిల్వ స్థలం నిండిపోయిందేమో చూడండి. గూగుల్ ఉచిత ఖాతాలో మెయిళ్లకు, డ్రైవ్‌కు, ఫొటోలకు కలిపి 15 జీబీ స్థలం ఇస్తారు. ఫొటోలతో అది నిండితే మెయిళ్లు పంపడం కూడా ఆగిపోతుంది.

క్రమంగా పరిశీలించవలసిన అంశాలు

1. ఆఫ్‌లైన్ స్థితి. ఔట్‌లుక్‌లో ‘వర్క్ ఆఫ్‌లైన్’ అన్న మీట ఉంటుంది. థండర్‌బర్డ్‌లోనూ అటువంటి ఏర్పాటు ఉన్నది. పొరపాటున అది నొక్కుడుపడితే జాబు కదలదు. అయితే అప్పుడు కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగుతుంది. మెయిళ్లు వస్తూ ఉంటే ఈ కారణాన్ని పక్కన పెట్టవచ్చు.

2. తప్పు సందేశం. తెరపై వచ్చిన సందేశాన్ని చదవకుండా మూసివేయడం మనలో చాలామందికి అలవాటు. అందులోని మూడంకెల సంఖ్యను కాగితంపై రాసుకోండి. 535 అంటే పాస్‌వర్డ్ లేదా గుర్తింపు చెల్లలేదని అర్థం. 550 అంటే సాధారణంగా అవతలి చిరునామా లేకపోవడమో, ఆ సర్వర్ జాబును నిరాకరించడమో జరిగిందని అర్థం. 552 అంటే పరిమాణం లేదా నిల్వ హద్దు మీరిందని సూచన. సంఖ్య ఏదీ రాకుండా చాలాసేపు ఎదురుచూసి ఆగిపోతే, సర్వర్ వరకు దారే దొరకలేదని గ్రహించాలి.

3. పాస్‌వర్డ్. ఖాతా పాస్‌వర్డ్ మార్చినప్పుడు, వచ్చే దారికి కొత్తది ఇచ్చి, పోయే దారిలో పాతదానిని మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. థండర్‌బర్డ్‌లో ‘సెట్టింగ్స్’లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ విభాగానికి వెళ్లి ‘సేవ్డ్ పాస్‌వర్డ్స్’ జాబితా తెరవండి. అందులో ఎస్‌ఎమ్‌టీపీ అని మొదలయ్యే పంక్తిని తొలగించి మళ్లీ పంపితే, సాఫ్ట్‌వేర్ కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది.

4. గుర్తింపు పద్ధతి. 2022 మే 30 నుంచి గూగుల్ వ్యక్తిగత ఖాతాలలోకి కేవలం యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లతో ప్రవేశించే సాఫ్ట్‌వేర్లకు అనుమతి నిలిపివేసింది. పాత కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి నడిచిన అమరిక ఇప్పుడు నడవకపోవడానికి ఇది ఒక కారణం. థండర్‌బర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌ను తాజా పరచి, గుర్తింపు పద్ధతిగా ‘ఓఆథ్2’ను ఎంచుకోవాలి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం లేకపోతే, ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని, 16 అక్షరాల ‘యాప్ పాస్‌వర్డ్’ తీసుకొని వాడవచ్చు.

5. సర్వర్, పోర్టు. ‘అకౌంట్ సెట్టింగ్స్’లో ‘ఔట్‌గోయింగ్ సర్వర్’ వివరాలు ఉంటాయి. పోర్టు అంటే సర్వర్‌లోకి ప్రవేశించే ద్వారం సంఖ్య. జీమెయిల్ విషయంలో పోర్టు 465 అయితే భద్రతా పద్ధతి ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’గాను, 587 అయితే ‘స్టార్ట్ టీఎల్‌ఎస్’గాను ఉండాలి. ఒకదాని తాళం మరొకదానికి పట్టదు. పోర్టు 25 వాడుతూ ఉంటే మార్చుకోండి. అనవసరపు మెయిళ్లను అరికట్టడానికి ఇళ్ల కనెక్షన్లలో ఆ ద్వారాన్ని పలు ఇంటర్నెట్ సంస్థలు మూసి ఉంచుతాయి.

6. నెట్‌వర్క్. అమరిక అంతా సరిగా ఉన్నా జాబు కదలకపోతే, ఫోన్ హాట్‌స్పాట్‌కు కంప్యూటర్‌ను కలిపి చూడండి. అప్పుడు వెళితే, ఇంట్లోనో కార్యాలయంలోనో ఉన్న కనెక్షనే అడ్డు. హాట్‌స్పాట్‌తోనూ వెళ్లకపోతే కంప్యూటర్‌లోని యాంటీవైరస్ లేదా ఫైర్‌వాల్ పోయే మెయిళ్లను ఆపుతున్నదేమో పరిశీలించాలి.

7. జతపరచిన దస్త్రాలు. స్కాన్ చేసిన పత్రాలు ప్రయాణానికి అనువుగా అక్షరాలలోకి మారినప్పుడు వాటి పరిమాణం సుమారు మూడోవంతు పెరుగుతుంది. కంప్యూటర్‌లో 18 ఎమ్‌బీగా కనిపించే కట్ట దారిలో సుమారు 24 ఎమ్‌బీ అవుతుంది. రసీదులకు రంగుల స్కానింగ్ అక్కరలేదు. నలుపు తెలుపులలో, తక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేసినా అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి.

8. కంప్యూటర్ గడియారం. పాత కంప్యూటర్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్ చూపే భద్రతా ధ్రువపత్రం చెల్లనిదిగా కనిపిస్తుంది. తేదీ, సమయం సరిచేయగానే ఈ చిక్కు విడిపోతుంది.

వెళ్లిందని నిర్ధారించుకోవడం

‘సెంట్’ ఫోల్డర్‌లో ప్రతి కనిపించడం మంచి సూచన. కాని ఆ ప్రతిని భద్రపరచడం, జాబు పంపడం వేరువేరు పనులు. జాబు వెళ్లిన తరువాత ప్రతి మాత్రమే భద్రం కాకపోవచ్చు. అందువల్ల ముఖ్యమైన జాబులను మీ మరొక చిరునామాకు కూడా నకలుగా పంపుకోండి. పంపిన కొన్ని నిమిషాల తరువాత, మళ్లీ మరునాడు, ‘అందలేదు’ అన్న తిరుగు సందేశం వచ్చిందేమో చూడండి. కార్యాలయం రసీదు సంఖ్య ఇచ్చే చోట ఆ సంఖ్య వచ్చే వరకు పని పూర్తయినట్లు భావించవద్దు.

ఒక హెచ్చరిక

మెయిల్ నిలిచిపోయిన ఆందోళనలో ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన ఏదో ‘కస్టమర్ కేర్’ సంఖ్యకు ఫోన్ చేయవద్దు. మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది మోసమని గ్రహించండి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయండి.

మన ముద్రణాలయం యజమాని విషయానికి వస్తే, ఆయన వారం క్రితమే ఖాతా పాస్‌వర్డ్ మార్చారు. వచ్చే దారికి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చారు, పోయే దారికి ఇవ్వలేదు. 535 అన్న సందేశం తెరపైకి వచ్చింది. ఆయన దానిని చదవకుండా మూసివేశారు. సరిదిద్దడానికి పట్టింది కొద్ది నిమిషాలే. గడువు మాత్రం తిరిగి రాదు.

పునశ్చరణ

1. మెయిళ్లు వస్తూ, పోకుండా ఉండడం ఎలా సాధ్యం?
2. గడువు దగ్గర పడినప్పుడు మొదట చేయవలసిన పని ఏది?
3. మీ సాఫ్ట్‌వేర్‌లో పోయే దారికి ఏ పోర్టు ఉన్నది? ఈ రోజే తెరిచి చూసి, ఈ పుట అంచున రాసుకోండి.