కొయ్యలో వచ్చిన పురుగు

చిత్రిక పట్టి, మెరుగు పెట్టిన కుర్చీని చూచి అది నిర్జీవమైన కొయ్య యని తలంతుము. కాని దానిలో ఒక ప్రాణి దాగియుండవచ్చును.

పెంకుపురుగులలో కొన్ని జాతులకు కొయ్యయే ఇల్లు, కొయ్యయే ఆహారము. తల్లిపురుగు చెట్టు బెరడులో గ్రుడ్లు పెట్టును. వానినుండి వెడలిన డింభకము, అనగా పిల్లపురుగు, కొయ్యను తొలుచుకొనుచు లోనికి పోవును. చెట్టును నరికి, కోసి, సామానుగా మలచినను అది చావకపోవచ్చును. ఎండిన కొయ్యలో పోషకపదార్థము స్వల్పము. కనుక దాని ఎదుగుదల మందగించును. తుదకు రెక్కలు దాల్చి, రంధ్రము చేసికొని వెలికి వచ్చును. రాలిన పొట్టును చూచినపుడే ఇంటివారికి సంగతి తెలియును.

ఉత్తర అమెరికా అడవులలో పుట్టు బంగారువన్నె పురుగొకటి 1983లో ఇంగ్లండునందలి సౌతెండ్ పట్టణమున ఒక ఇంటి మెట్ల కొయ్యనుండి వెలువడెను. అది 51 సంవత్సరములు డింభకముగా ఆ కొయ్యలోనే గడపినట్లు లెక్కించిరి!

1990 దశకపు చివర చైనానుండి అమెరికాకు క్రిస్మస్ పండుగ కొరకు కృత్రిమ వృక్షములు దిగుమతి యయ్యెను. వాని కాండములు మాత్రము నిజమైన కొయ్య. వానిలో పొడవు మీసముల పురుగులు బయటపడెను. చెట్టు బూటకమైనను పురుగు నిజమే!

ఇట్టి పురుగు స్వదేశమున ఉన్నపుడు దాని శత్రువులు దానిని అదుపులో నుంచును. పరదేశమున ఆ శత్రువులుండవు; అచటి చెట్లకు దానిని ఎదుర్కొను శక్తియు తక్కువ. చైనానుండి సరకుల పెట్టెల కొయ్యలో వచ్చిన మరియొక జాతి పురుగు 1996లో న్యూయార్కునందును, 1998లో చికాగోనందును కనబడెను. చికాగోలో ఒక పౌరుడు తన బండిపై వింతపురుగును చూచి అధికారులకు తెలిపెను. వేయికి పైగా చెట్లను నరికివేయవలసి వచ్చెను. 2008 నాటికిగాని ఆ నగరమునకు పీడ విరగడ కాలేదు.

అందువలన 2002లో దేశములన్నిటికిని వర్తించునట్లు ఒక ప్రమాణమును ఏర్పరచిరి. సరకుల పెట్టెలకు వాడు కొయ్యను దాని నడిబొడ్డువరకు 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చేరునట్లు 30 నిమిషములు కాచవలెను. లేదా మందుపొగ పట్టింపవలెను. అట్టి కొయ్యపై గోధుమ వెన్ను ముద్ర యుండును. భారత ప్రభుత్వమును 2003లో దిగుమతి యగు మొక్కల విషయమునను, కలప విషయమునను నియమములు విధించినది.

కొయ్య సామానునుండి క్రొత్తపురుగు వెలువడినచో దానిని నలిపి పారవేయరాదు. సీసాలో బంధించి వ్యవసాయాధికారికి చూపవలెను. పుచ్చిన సామానును తోటలోనికి విసరివేయరాదు. ఒక్కని జాగరూకత వేలకొలది చెట్లను కాపాడగలదు.