భ్రమను తొలగించు మాట

ఆంగ్లభాష నేర్చుకొను విద్యార్థికి పై తరగతులకు పోయినకొలది, నిత్యవ్యవహారమున వినబడని కొన్ని మాటలు గ్రంథములలో ఎదురగుచుండును. అట్టి వానిలో ‘డిసబ్యూజ్’ అను క్రియాపదమొకటి. ఒకని మనస్సులో నాటుకొన్న తప్పుడు నమ్మకమును పోగొట్టి, అతనికి సత్యమును తెలుపుట అని దీని అర్థము. అపోహ తొలగించుట, భ్రమ పోగొట్టుట అని తెలుగున చెప్పుదురు. ఈ మాట చిన్నదే. కాని, దాని పుట్టుకను, వాడుకను పరిశీలించినచో, ఇతరుల తప్పును దిద్దు పద్ధతి కూడ కొంత బోధపడును.

వింత యేమనగా, భ్రమను తొలగించు ఈ మాటయే విద్యార్థులకు ఒక భ్రమను కలిగించును. ‘అబ్యూజ్’ అనగా తిట్టుట, లేక దుర్వినియోగము చేయుట అని వారు ముందుగనే నేర్చియుందురు. మాటకు ముందు ‘డిస్’ చేరినప్పుడు అర్థము తారుమారగునని కూడ ఎరుగుదురు. ‘లైక్’ అనగా ఇష్టపడుట. ‘డిస్‌లైక్’ అనగా ఇష్టపడకుండుట. ఈ రెండు సంగతులను కలిపి, ‘డిసబ్యూజ్’ అనగా తిట్టకుండుట కాబోలునని ఊహింతురు. ఆ ఊహకు ఆధారము లేకపోలేదు. అయినను అది తప్పు.

‘అబ్యూజ్’ అను పదమునకు మూలము లాటిన్ భాషలో ఉన్నది. అచ్చట దానికి దుర్వినియోగము చేయుట అని అర్థము. అది ఫ్రెంచి భాషలో ప్రవేశించి, మోసగించుట అను అర్థమును కూడ పొందెను. ఆంగ్లమునందును పూర్వము ఆ అర్థము ఉండెడిది. 17వ శతాబ్దమున ‘డిసబ్యూజ్’ ఆంగ్లమున వ్యాప్తిలోనికి వచ్చినది ఈ అర్థమును బట్టియే. తరువాత ‘అబ్యూజ్’ అను మాటనుండి మోసగించుట అను అర్థము జారిపోయెను. ‘డిసబ్యూజ్’ లో మాత్రము నిలిచెను. పాత ఇల్లు కూలిపోయినను, దాని ద్వారబంధము మరియొక ఇంటికి అమరినట్లు అది మిగిలిపోయెను. ఇక ‘డిస్’ అను ఉపసర్గకు కాదనుట మాత్రమే గాక, ఉన్నదానిని తీసివేయుట అను అర్థము కూడ కలదు. ‘డిసార్మ్’ అనగా ఆయుధములను తీసివేయుట. అట్లే ‘డిసబ్యూజ్’ అనగా మోసపోయినవానిని ఆ మోసమునుండి విడిపించుట.

ఈ మాటను వాక్యమున ప్రయోగించుటలో ఒక నియమము కలదు. ‘ది టీచర్ డిసబ్యూజ్డ్ ది బాయ్ ఆఫ్ దట్ బిలీఫ్’ అను వాక్యమును చూడుడు. ఉపాధ్యాయుడు ఆ బాలుని ఆ నమ్మకమునుండి విడిపించెను అని దాని భావము. ఇందు క్రియకు కర్మ బాలుడు. నమ్మకము ‘ఆఫ్’ తరువాత వచ్చినది. తెలుగున, ఉపాధ్యాయుడు బాలుని అపోహను తొలగించెను అని చెప్పుదురు. ఇచ్చట కర్మ అపోహ. కావున తెలుగు వాక్యమును మాటకు మాటగా ఆంగ్లములోనికి మార్చువారు ‘డిసబ్యూజ్డ్ ది బాయ్స్ బిలీఫ్’ అని వ్రాసి పొరబడుదురు. ‘ది డాక్టర్ క్యూర్డ్ ది చైల్డ్ ఆఫ్ ది ఫీవర్’ అను వాక్యమును జ్ఞాపకముంచుకొన్నచో ఈ పొరపాటు రాదు. వైద్యుడు బిడ్డను జ్వరమునుండి విడిపించినట్లే, ఉపాధ్యాయుడు బాలుని భ్రమనుండి విడిపించును.

లెక్కలోని తప్పును గాని, వ్రాతలోని అక్షరదోషమును గాని దిద్దుటకు ఈ మాట పనికిరాదు. దానికి ‘కరెక్ట్’ అను మాట చాలును. మనస్సున స్థిరపడిన నమ్మకమును గూర్చియే ‘డిసబ్యూజ్’ అని వాడుదురు. ఇది గంభీరమైన మాట. వ్యాసములకును, ఉపన్యాసములకును తగినది. స్నేహితుల ముచ్చటలలో వాడినచో కృతకముగా వినబడును. ఎదుటివానితో ‘నీ భ్రమ పోగొట్టెదను’ అని ఆరంభించినచో, చెప్పువాని అహంకారము తోచునేగాని మేలుకోరు బుద్ధి తోచదు.

ఈ మాట సూచించు కార్యము ఎట్లు జరుగునో తెలియుటకు మలేరియా చరిత్ర మంచి ఉదాహరణము. మలేరియా అను పేరు ఇటలీ భాషనుండి వచ్చినది; చెడుగాలి అని దాని అర్థము. చిత్తడినేలలనుండి లేచు చెడుగాలిని పీల్చుటచే ఈ జ్వరము వచ్చునని ప్రజలును, వైద్యులును శతాబ్దములపాటు నమ్మిరి. వారు అవివేకులు కారు. చిత్తడినేలల దాపున నివసించువారికి జ్వరము హెచ్చుగా వచ్చుచుండెను. రాత్రివేళ అచ్చట మెలగుట అపాయమని వారెరుగుదురు. నీటిని మళ్ళించి నేలను ఆరబెట్టినచో జ్వరము తగ్గుచుండెను. వారు చూచినది నిజము. చెప్పుకొన్న కారణము మాత్రము తప్పు.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తమున మలేరియా క్రిములను కనుగొనెను. అవి ఒకరినుండి మరియొకరికి ఎట్లు సోకుచున్నవో అప్పటికి తెలియలేదు. దోమలకు ఇందు పాత్ర ఉండవచ్చునని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. కాని దోమలు నీటిలో పడి చనిపోవుననియు, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. ఆయన ప్రోత్సాహముతో రొనాల్డ్ రాస్ భారతదేశమున పరిశోధనకు పూనుకొనెను. సికిందరాబాదులో దోమలను ఒక్కొక్కదానినే కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించెను. 1897 ఆగస్టు 20వ తేదీన, మలేరియా రోగి రక్తమును పీల్చిన ఒక దోమ కడుపు గోడలో ఆ క్రిములను చూచెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులమీద పరిశోధించి, క్రిములు దోమ లాలాజల గ్రంథులను చేరుననియు, కుట్టినప్పుడు శరీరమున ప్రవేశించుననియు నిరూపించెను. ఆ సంవత్సరమే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యులకు మలేరియాను కలిగించునది అనాఫిలస్ జాతి దోమయని చూపిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

రాస్ పరిశోధనవలన మాన్సన్ ఊహలో సగము స్థిరపడెను, సగము తొలగిపోయెను. దోమయే కారణమన్న మాట నిలిచెను. త్రాగునీటి మాట నిలువలేదు. తన ఊహ కొంత తప్పినదని మాన్సన్ చిన్నబుచ్చుకొనలేదు. 1898 జూలైలో ఎడింబరో నగరమున జరిగిన వైద్యుల మహాసభలో రాస్ కనుగొన్న సత్యమును ఆయనయే ప్రకటించెను. ఇతరుల భ్రమను తొలగించుట గొప్పపని. తన భ్రమ తొలగినప్పుడు సంతోషించుట అంతకంటె గొప్పది.

భ్రమను తొలగింపదలచినవాడు ఎదుటివాని నమ్మకములో నిజమెంతయో ముందుగా గుర్తింపవలెను. చిత్తడినేలల దాపున జ్వరము హెచ్చన్న మాట సత్యము గనుకనే, నీరు నిలువకుండ చేయుట నేటికిని మంచిపని. తొలగింపవలసినది అసత్యమైన భాగమును మాత్రమే. మసకచీకటిలో త్రాటిని చూచి పామని వణకువానిని పిరికివాడని పరిహసించినచో అతని భయము పోదు. దీపము తెచ్చి చూపినచో, ఒక్క మాటయైన పలుకనక్కరలేకయే పోవును.

ఆంగ్లవాక్యమున మనుష్యుడు క్రియకు దాపున నిలిచి, అతని నమ్మకము ‘ఆఫ్’ తరువాత దూరముగా నిలుచుట వ్యాకరణ నియమము. వ్యవహారమునందును ఇది పాటింపదగినదే. వైద్యుడు జ్వరముతో పోరాడునుగాని, జ్వరపీడితునితో పోరాడడు.

ప్రశ్నలు

1. ‘డిసబ్యూజ్’ అను పదమును చూచి విద్యార్థులు ఎట్లు పొరబడుదురు? దాని నిజమైన అర్థమెట్లు ఏర్పడినది?
2. చెడుగాలిచే జ్వరము వచ్చునని నమ్మినవారు అవివేకులు కారని ఎట్లు చెప్పవచ్చును?
3. మాన్సన్ ప్రవర్తనలో మెచ్చదగినదేమి?