పాత ఖగోళ గ్రంథముల సేకరణము

విద్యార్థులారా! తపాలా బిళ్లలను, నాణెములను కూర్చువారిని మీరెరుగుదురు. పురాతన ఖగోళశాస్త్ర గ్రంథములను సేకరించువారును లోకమున గలరు. అది ధనవంతుల వినోదమని కొందరు తలంతురు. అట్లు కాదని తెలుపుటకై ఒక్క గ్రంథము యొక్క చరిత్రను ఇచట వివరింతుము.

1543వ సంవత్సరమున జర్మనీ దేశమందలి న్యూరెంబర్గు పట్టణములో పెట్రేయసు అను ముద్రాపకుడు, కోపర్నికసు పండితుడు లాటిను భాషలో రచించిన గ్రంథమును అచ్చువేసెను. భూమి నిశ్చలము కాదనియు, అది తన చుట్టు తాను తిరుగుచు సూర్యుని చుట్టును తిరుగుచున్నదనియు అందు ప్రతిపాదింపబడినది. గ్రంథకర్త ఆ యేటనే మరణించెను. రెండవ కూర్పు 1566లో బాసెలు నగరమున వెలువడెను.

ఇంత కఠినమైన గ్రంథమును ఆ కాలమున చదివినవారే లేరని 1959లో కోస్లరు అను రచయిత వ్రాసెను. పలువురు దానిని నమ్మిరి. 1970లో అమెరికా దేశపు పండితుడు ఓవెన్ గింగరిచ్, ఎడింబరో వేధశాలయందలి మొదటి కూర్పు ప్రతి నొకదానిని తెరచి చూడగా, దాని అంచులు చక్కని చేవ్రాతతో నిండియుండెను. ఆ వ్రాత విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున గణితము బోధించిన రైన్‌హోల్డు ఆచార్యునిదని తేలెను. ఒకడు చదివెను సరే, తక్కినవారి మాటయేమి?

ఈ ప్రశ్నను పట్టుకొని గింగరిచ్ సుమారు ముప్పది యేండ్లు దేశదేశములు తిరిగి, రెండు కూర్పులలో సుమారు 600 ప్రతుల వివరములను సేకరించి, 2002లో ప్రకటించెను. గురువులు తమ ప్రతులలో వ్రాసికొన్న వ్యాఖ్యలను శిష్యులు తమ ప్రతులలోనికి ఎక్కించుకొనిరని అందువలన తెలిసినది. ఆ గ్రంథమును సవరించువరకు నిలుపవలెనని 1616లో రోములోని మతాధికారులు ఆజ్ఞాపించి, 1620లో సవరణలను ప్రకటించిరి. ఇటలీలోని ప్రతులలో సగమునకు మించి ఆ సవరణలు కానవచ్చును. ఇతర దేశములలో అవి మిక్కిలి అరుదు. గెలీలియో తన ప్రతిలో కొట్టివేతలను మూలము చదువ వీలగునట్లు పలుచగా మాత్రమే చేసెను.

చూచితిరా! అచ్చైన పుటలన్నియు ఒక్కటే; ప్రతి ప్రతికిని ప్రత్యేకత నిచ్చినవి అంచులలోని వ్రాతలు. కాని పూర్వము కొందరు సేకర్తలు పుటలు తెల్లగా నుండవలెనని సిరాను కడిగించిరి. బైండు చేయువారు అంచులను కత్తిరించిరి. ఆ విధముగ నశించిన సాక్ష్యము మరల రాదు.

సేకర్తకు వివేకమును వలయును. గెలీలియో 1610లో వెనిసు నగరమున ప్రకటించిన గ్రంథపు ప్రతి యొకటి 2005లో న్యూయార్కు వర్తకునికి చేరెను. అందలి చంద్రుని చిత్రములు గెలీలియో స్వహస్తముతో లిఖించినవని పండితులు సైతము నమ్మిరి. తక్కిన ప్రతులతో పోల్చి చూడగా అది సాంతము నకిలీయని 2012లో బయటపడెను. కాగితము, అచ్చు, ముద్రలు, పూర్వపు యజమానుల పేరులు—వీనినన్నిటిని పరీక్షింపనిదే దేనిని నమ్మరాదు.

ఒకనాడు మా విద్యార్థి యొకడు తన తాతగారి పాత పంచాంగమును బడికి బహూకరింప దెచ్చెను. అందు గ్రహణము నాడు తాతగారు పట్టు విడుపుల వేళలను పెన్సిలుతో గుర్తించియుండిరి. పుస్తకము శుభ్రముగ నుండవలెనని బాలుడు ఒక పుటను రబ్బరుతో తుడిచివేసి, రెండవదానికి సిద్ధపడుచుండెను. మేము చేయి పట్టి వారించితిమి. తుడిచిన పుటలో నేముండెనో ఇక నెవరును చెప్పజాలరు.

కావున తలిదండ్రులారా, మీ యిండ్ల అటకలపై తాటాకు గ్రంథములుగాని పాత పంచాంగములుగాని యుండిన, వానిని కడుగకుడు, కత్తిరింపకుడు, తూకమునకు అమ్మకుడు. చెమ్మ, చెదలు తగులని చోట నుంచి, అవి యెవరివో, ఏ యూరివో వేరొక కాగితముపై వ్రాసి జతపరచుడు. రూక యైనను వెచ్చింపక చేయదగిన సేకరణమిదియే.