కంటి ఆస్పత్రి ఓపీ: వచ్చేవారు, రానివారు

మీ విరాళాలలో కొంత భాగం కంటి వైద్యానికి ఖర్చవుతోంది. ఆ సొమ్ము ఎక్కడ ఎక్కువ అవసరమో తెలియాలంటే ఓపీకి ఎవరు, ఏ బాధతో వస్తారో ముందు చూడాలి.

మన ప్రాంతంలో ఏ కంటి ఆస్పత్రికి వెళ్లినా వరుసలో చూపు దోషం ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. బోర్డు మీది అక్షరాలు కనపడని పిల్లలు, నలభై దాటాక సూదిలో దారం ఎక్కించలేకపోతున్న దర్జీలు, జరీ పని చేసే ఆడవారు. వీరికి కావలసింది అద్దాలే. పెద్ద వయసువారిలో శుక్లం, అంటే మన ఇళ్లలో మోతియాబింద్ అనేది. వానాకాలంలో కళ్లకలక. కోతల రోజుల్లో వరి ఆకో, ధాన్యపు పొట్టో తగిలి నల్లగుడ్డు మీద పుండు పడినవారు వస్తారు. వీరిలో కొందరు అప్పటికే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుని ఉంటారు. పుండు ఫంగస్‌దైతే ఆ చుక్కలతో ఇంకా ముదురుతుంది. ఒకే సుర్మా సలాయి ఇంటిల్లిపాదీ వాడితే ఒకరి కలక అందరికీ అంటుకుంటుంది. పైగా బజారు సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది, పసిపిల్లలకు పెట్టకపోవడమే మంచిది.

అయితే ఓపీ రిజిస్టరు వచ్చినవారి లెక్క మాత్రమే. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే ఎవరైనా ఆ రోజే పరుగెత్తుతారు. నీటికాసుల జబ్బులో, అంటే కాలా మోతియాలో, సాధారణంగా మొదట నొప్పి ఉండదు. పక్క చూపు కొద్దికొద్దిగా తగ్గిపోతుంది, పోయింది తిరిగి రాదు. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడమూ అంతే. రిజిస్టరులో ఈ పేర్లు తక్కువగా ఉన్నాయంటే ఊళ్లో జబ్బు తక్కువని కాదు.

ఈ తేడా ఇంటింటి లెక్కలో తెలుస్తుంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1996-2000 మధ్య హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. వందకు 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి శుక్లం, 16 శాతానికి చూపు దోషం కారణం. అంటే సగానికి పైగా ఆపరేషన్‌తోనో అద్దాలతోనో పోయేదే! పేదవారిలో, ఆడవారిలో అంధత్వం ఎక్కువగా కనిపించింది. నీటికాసులు ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఆడవారు ఎందుకు వెనకబడ్డారో మన ఇళ్లలో చూస్తే చాలు. వెంట రావడానికి కొడుకు ఒక రోజు కూలి వదులుకోవాలి. అమ్మీ “నాకేం, వంట చేసుకుంటున్నాగా” అంటుంది. ఏడాది తర్వాత వంట కూడా చేయలేదు.

సావనీర్లలో శిబిరానికి ఎంతమంది వచ్చారన్న సంఖ్యే పెద్ద అక్షరాల్లో వేస్తారు. మా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనవి తోడు వచ్చేవారి బస్సు చార్జీలు, రెండోసారి చూపించుకోవడం, నీటికాసుల రోగికి నెలనెలా చుక్కల మందు. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం జకాత్ అర్హుడికి సొంతమై చేరాలి గనుక భవనానికి వాడరు, కాని అర్హుడైన పేదవాడికి అద్దాలు, మందులు కొని అతని చేతికి ఇవ్వవచ్చు. మిగతా ఖర్చులకు సదఖా, లిల్లాహ్ నిధి ఉన్నాయి.

రంజాన్‌లో ఇంకో చిక్కు. రోజా పోతుందన్న భయంతో కొందరు నీటికాసుల చుక్కలు నెలంతా మానేస్తారు. కంటి చుక్కలతో రోజా భంగం కాదని, గొంతుకు చేరినది మింగకుండా ఉంటే చాలని 1997లో జెద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. షాబాన్ నెలలోనే జుమా రోజున ఇమామ్ సాహెబ్ ఈ మాట చెబితే బాగుంటుంది. చుక్క వేశాక ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగడం బాగా తగ్గుతుంది.