ఎలక్ట్రీషియన్ ధ్రువపత్రం: వ్యయం, ప్రతిఫలం – అవగాహన

నేపథ్యం

వృత్తి విద్య కోసం కేంద్ర ప్రభుత్వం 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్‌ను ప్రారంభించింది. 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి, అంటే ఎన్‌సీవీటీ ఏర్పడింది. 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ కాలపరిమితి 2 ఏళ్లు, కనీస అర్హత పదో తరగతి. వైర్‌మన్ ట్రేడ్ కూడా 2 ఏళ్లదే అయినా 8వ తరగతి చాలు. పోటీ పరీక్షల్లో ఈ రెండింటి అర్హతలను తారుమారు చేసి అడిగే ప్రశ్నలు ఉంటాయి.

ధ్రువపత్రాల వర్గీకరణ

అఖిల భారత ట్రేడ్ పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి జాతీయ ట్రేడ్ ధ్రువపత్రం లభిస్తుంది. ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం మార్కులు రావాలి. థియరీ ఎంత చదివినా బ్రిటానియా జాయింట్ సరిగా చుట్టడం, మెగ్గర్‌తో ఇన్సులేషన్ నిరోధం కొలవడం, రెండు టూ-వే స్విచ్‌లతో మెట్ల దీపానికి వైరింగ్ చేయడం చేతికి రాకపోతే గట్టెక్కలేరు. దీని తర్వాత పరిశ్రమలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం వస్తుంది.

ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లోని ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు వేరు. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, ఎలక్ట్రికల్ ఒకేషనల్ ఇంటర్ గానీ అర్హతగా నిర్ణయించింది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు మాత్రం ఒకేషనల్ ఇంటర్ ఒక్కటే సరిపోదు. ఐటీఐ, అప్రెంటిస్‌షిప్, డిప్లొమాలలో ఏదో ఒకటి ఉండాలి. మూడు నెలల స్వల్పకాలిక కోర్సుల ధ్రువపత్రం పని నేర్చుకోవడానికి ఉపయోగపడుతుంది, ఈ రెండు ఉద్యోగాలకూ అర్హత కాదు. డబ్బు కట్టే ముందే ఈ తేడా తెలుసుకోవాలి. కోర్సు పేరులో ‘ఎలక్ట్రికల్’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ధ్రువపత్రం ఎవరు ఇస్తారో చూడాలి.

వ్యయం

ప్రత్యక్ష వ్యయం: ఫీజు, పుస్తకాలు, పనిముట్లు, వసతి. పరోక్ష వ్యయం లేదా అవకాశ వ్యయం: చదువుతున్న కాలంలో వదులుకున్న సంపాదన. అభ్యర్థులు సాధారణంగా మొదటిదే లెక్కేస్తారు. నిజానికి బరువంతా రెండోదానిదే.

ఉదాహరణకు ఒక విద్యార్థి హెల్పర్‌గా చేరితే నెలకు రూ.10,000 వస్తుందనుకుందాం. 24 నెలలకు వదులుకున్నది రూ.2,40,000. ప్రభుత్వ ఐటీఐలో ఇతర ఖర్చులు రూ.20,000 అనుకుంటే మొత్తం వ్యయం రూ.2,60,000. ధ్రువపత్రం వల్ల నెల ఆదాయం రూ.6,000 పెరిగితే, 2,60,000ను 6,000తో భాగించగా సుమారు 43 నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది. అదే విద్యార్థి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి నెలకు రూ.5,000 కడితే వ్యయం రూ.3,80,000కు పెరిగి, ఆ గడువు 63 నెలలు దాటుతుంది. కాబట్టి ఇంటి నుంచి వెళ్లి రాగలిగిన వారు హాస్టల్ వెతకనవసరం లేదు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో ప్రారంభమయ్యాక ఎల్బీనగర్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వాసులు రైలు మారకుండా నాంపల్లిలో దిగి మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐకి చేరవచ్చు. 65 ఐటీఐలను రూ.2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకానికి 2024 జూన్ 18న శంకుస్థాపన జరిగింది ఈ మల్లేపల్లిలోనే.

ప్రతిఫలం

అప్రెంటిస్‌షిప్ నిబంధనల 2019 సవరణ ఐటీఐ ధ్రువపత్రం ఉన్న అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్‌ను నెలకు రూ.7,000గా, అంటే ఏడాదికి రూ.84,000గా నిర్ణయించింది. అసిస్టెంట్ లోకో పైలట్ ప్రారంభ మూలవేతనం, ఏడో వేతన సంఘం లెవెల్-2 ప్రకారం, రూ.19,900. 2023 ప్రకటనలో జూనియర్ లైన్‌మన్ స్కేలు రూ.24,340తో మొదలైంది. రాత పరీక్ష 80 మార్కులకు. అందులో 65 ఎలక్ట్రికల్ ట్రేడ్ నుంచి, 15 జనరల్ నాలెడ్జ్ నుంచి. స్తంభం ఎక్కే పరీక్షకు మార్కులు లేవు, కానీ ఎక్కలేకపోతే అనర్హులే. ఈ పోస్టులకు మహిళలను మొదట అనుమతించలేదు. హైకోర్టును ఆశ్రయించి, స్తంభం ఎక్కి చూపి, బబ్బూరి శిరీష తెలంగాణలో తొలి లైన్‌ఉమన్‌గా నియమితులయ్యారు.

స్వయం ఉపాధికి మరో మెట్టు ఉంది. చట్టం ప్రకారం దీపం, ఫ్యూజు, స్విచ్ మార్చడం వంటి చిన్న పనులు మినహా వైరింగ్ పనిని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేపట్టాలి. పర్మిట్ ఉన్న వ్యక్తి చేయాలి. లైసెన్స్ లేకపోతే అపార్ట్‌మెంట్ పనుల్లో ఎంత నైపుణ్యం ఉన్నా మరొకరి లైసెన్స్ కింద కూలికే చేయాల్సి వస్తుంది.

నియామకాల క్రమం

2019లో 2,500, 2022లో 1,000, 2023లో 1,553 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటనలు వెలువడ్డాయి. వీటిలో 2022 నాటిది అక్రమాల కారణంగా రద్దయింది. ఇలాంటి అనిశ్చితిలో, పై ఉదాహరణలోని విద్యార్థి ఏడాది పాటు పని మాని కోచింగ్‌లోనే కూర్చుంటే మరో రూ.1,20,000 వ్యయం కలిసి, 43 నెలలు 63 అవుతాయి. కోచింగ్ ఫీజు దీనికి అదనం. అప్రెంటిస్‌షిప్ చేస్తూ సాయంత్రం బ్యాచ్‌కు వెళ్లేవారికి ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది, పైగా ట్రేడ్ విభాగంలోని 65 మార్కులకు పని అనుభవమే పునశ్చరణగా ఉపయోగపడుతుంది.