క్రొత్త కంప్యూటరు భాషకు బాలశిక్ష యెక్కడ?

క్రొత్త కంప్యూటరు భాషను నేర్వబూనిన విద్యార్థికి మొదట నెదురగు చిక్కు ఆ భాషలో నుండదు. ఏ పుస్తకముతో మొదలిడవలెనో, దేనిని ప్రక్కకు బెట్టవలెనో తెలియకపోవుటలో నుండును. పుస్తకములు లేవని యెవరును విచారింపనక్కరలేదు. వెదకినచో నూఱు దొరకును. ఆ నూఱింటిలో తనకు తగినవి రెండో మూడో. తక్కినవి పండితుల కొఱకో, వేఱొక కాలమునకో, వేఱొక పనికో వ్రాయబడినవి. పదునైదు దినములు తనకు గాని పుస్తకముతో పెనగులాడి, "ఈ విద్య నాకు రాదు" అని విడిచిపెట్టిన పిల్లలు ప్రతి తరగతిలోను గలరు. విద్య రాక కాదు, పుస్తకము కుదురక విడిచినవారు వారు. మన వంటి పాఠశాలలలో ఈ నష్టము మఱింత యెక్కువ. ఇంట తెలుగు, వీధిలో తమిళమును కన్నడమును, పుస్తకములో ఇంగ్లీషు. ఇన్ని గుమ్మములు దాటివచ్చిన బాలుడు చివరి గుమ్మమువద్ద తట్టుకొని పడినచో లేవనెత్తువారు తక్కువ.

మన పెద్దలు తెలుగు నేర్చిన క్రమమును తలచుకొనుడు. చేతికి మొదట వచ్చినది పెద్దబాలశిక్ష. వ్యాకరణము తరువాతి మాట. నిఘంటువు ప్రక్కననుండి, కావలసినపుడు మాత్రము తెఱవబడెడిది. కావ్యము లన్నింటికంటె వెనుక వచ్చెడివి. చిన్నయసూరి గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరున్నను దానిని బాలురచేతికిచ్చి ఓనమాలు నేర్పినవా డెవడును లేడు. పేరులో 'బాల' యన్నమాట యున్నంతమాత్రమున పుస్తకము బాలుర కగునా? నేడు అంగళ్ళలో "ప్రారంభకులకు" అను పేర అమ్ముడుపోవు కంప్యూటరు పుస్తకములలో సగము ఈ కోవలోనివే.

కంప్యూటరు భాషలకును ఈ నాలుగు తెగల గ్రంథములే కలవు. పాఠము వెంట పాఠము చెప్పుచు చేయిపట్టి నడిపించునది శిక్ష. దానిని ట్యుటోరియల్ అందురు. ప్రతి నియమమును, ప్రతి మినహాయింపును విడువక చెప్పునది రిఫరెన్స్ మాన్యువల్, అది వ్యాకరణము. భాషతోబాటు సిద్ధముగా వచ్చు ప్రక్రియల జాబితా నిఘంటువు వంటిది. ఇతరులు నిజమైన పనుల కొఱకు వ్రాసిన ప్రోగ్రాములు కావ్యములు. వెదకువాడు ముందుగా "ఇది యే తెగకు జెందినది?" అని యడిగి తెలిసికొన్నచో సగము శ్రమ తప్పును. మాన్యువల్ కఠినముగా నున్నదని నిందించుట, నిఘంటువులో కథ లేదని నిందించుట వంటిదే.

ఉదాహరణమునకు లువా అను భాషను గైకొందము. 2018, 2019 సంవత్సరములలో వెలువడిన తమిళనాడు పాఠ్యపుస్తకములలో పదునొకండవ తరగతికి సి ప్లస్ ప్లస్, పండ్రెండవ తరగతికి పైథాన్ చెప్పబడినవి, లువా లేదు. కావున మన విద్యార్థికిది నిజముగా అపరిచితము. అయినను దానితో పనిబడు తావులు కలవు. తెలుగు వికీపీడియాలోని వ్యాసములకు కుడిప్రక్క గనబడు సమాచారపెట్టెలలో పెక్కింటి వెనుక 'మాడ్యూల్' అను పేరుతో నుండు పుటలు పనిచేయుచుండును. అవి లువాలో వ్రాయబడినవి. పిల్లల కిష్టమైన రోబ్లాక్స్ ఆటలలో వాడబడు భాషయు లువా 5.1 నుండి పుట్టినదే.

ఈ భాష పుట్టిన తావు బ్రెజిల్ దేశమునందలి రియో డి జనీరో నగరము. అచటి పాంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయము. పుట్టిన సంవత్సరము 1993. రొబెర్తో యెరుసలింస్కీ, లుయిజ్ హెన్రికే డి ఫిగెయిరెదో, వాల్డెమార్ సెలెస్ అను మువ్వురు దీని కర్తలు. 1977 మొదలు 1992 వరకు ఆ దేశమున పరదేశపు కంప్యూటరు యంత్రములకును సాఫ్టువేరునకును గట్టి వర్తకనిర్బంధము లుండెను. కావలసినది బయటినుండి తెప్పించుకొనుట కష్టమగుటచే స్వయముగా చేసికొను నలవాటు అచటివారి కబ్బెను. పెట్రోబ్రాస్ అను చమురుసంస్థ పనుల కొఱకు ఆ విశ్వవిద్యాలయపు బృందము చేసిన చిన్నభాషలలో నొకదాని పేరు సోల్. పోర్చుగీసులో ఆ మాటకు సూర్యుడని యర్థము. దాని తరువాత వచ్చినది గనుక దీనికి చంద్రు డను నర్థముగల పేరిడిరి. ఇంగ్లీషు తల్లిభాష గాని వారు చేసినను, దీని ఆదేశపదములును ముఖ్యగ్రంథములును ఇంగ్లీషుననే యున్నవి.

ఇక వెదకుట యెట్లు? మొదట భాష పుట్టింటికి పోవలెను. దాదాపు ప్రతి భాషకును దాని కర్తలు నడుపుచున్న స్వంతస్థానము ఇంటర్నెట్టులో నొకటి యుండును. లువా పుట్టింట ప్రతి కూర్పునకును వేఱువేఱుగా మాన్యువల్ కలదు. కర్తలలో నొకరగు యెరుసలింస్కీ వ్రాసిన "ప్రోగ్రామింగ్ ఇన్ లువా" అను శిక్షాగ్రంథపు మొదటి ముద్రణ ఉచితముగా చదువుకొన వీలున్నది. భాషను మన కంప్యూటరులోనికి దెచ్చుకొనకయే చిన్న ప్రోగ్రాములను నడిపి చూచుటకు ఒక పుటయు నచట కలదు. దెచ్చుకొనదలచినను భయము లేదు; దాని మూలము కుదించిన రూపమున కొన్ని వందల కిలోబైట్లు మాత్రమే. పాఠశాలలోని పాతయంత్రము సయితము దీనిని మోయగలదు.

పుట్టింటికి పోయినవాడు అచట తప్పక అడుగవలసిన ప్రశ్న "ఏ కూర్పు?" అనునది. ఈ ప్రశ్న నడుగకపోవుటవలననే యెక్కువమంది చెడుచున్నారు. చెప్పిన గ్రంథపు మొదటి ముద్రణ 2003 నాటిది. అది లువా 5.0ను గూర్చి వ్రాయబడినది. 2006 నాటి రెండవ ముద్రణ 5.1కు, 2013 నాటి మూడవది 5.2కు, 2016 నాటి నాల్గవది 5.3కు జెందినవి. మొదటి ముద్రణలో పట్టికలో నెన్ని యంశములున్నవో తెలిసికొనుటకు టేబుల్ డాట్ గెట్ఎన్ అను ప్రక్రియ చెప్పబడినది. 5.1 నుండి ఆ పనిని # అను గుర్తు చేయుచున్నది. ఆ పాతపాఠమును యథాతథముగా 5.4 యంత్రములో వ్రాసినచో, "నిల్ అను శూన్యవిలువను పిలువబోతివి" అను భావముగల తప్పుమాట వచ్చును. పుస్తకము తప్పు కాదు, బాలుడు తప్పు చేయలేదు. ఇరువురి కాలములు కలియలేదు. అన్‌ప్యాక్ అను ప్రక్రియయు నిట్లే 5.2లో ఇల్లు మాఱి టేబుల్ క్రిందికి జేరినది. కావున పుస్తకము తెఱచినవెంటనే ముద్రణవివరముల పుటను, ప్రోగ్రాము నడపుటకు ముందు యంత్రములోని కూర్పు సంఖ్యను చూచి రెండును ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. పాతపుస్తకముల యంగడిలో కొనువారికి ఈ జాగ్రత్త మఱియు నవసరము.

అయితే సరిక్రొత్తదే మేలను నియమమును లేదు. వికీపీడియా నేటికిని 5.1నే వాడుచున్నది. దానిలోని మాడ్యూళ్ళను చదువగోరువానికి 2006 నాటి రెండవ ముద్రణయే చక్కగా సరిపోవును. ఏ పనికై నేర్చుచున్నాడో దానినిబట్టి కూర్పు, కూర్పునుబట్టి పుస్తకము.

ఆ గ్రంథము ప్రోగ్రాములు వ్రాయుటలో కొంత పరిచయమున్న వారికై యుద్దేశింపబడినది. లువా మాత్రము ముందుగా తెలిసియుండ నక్కరలేదు. కావున ఏ భాషయు నెఱుగని యెనిమిదవ తరగతి బాలునికి నేను దీనిని మొదట ఇయ్యను. పైథాన్ చదివిన పండ్రెండవ తరగతి విద్యార్థికి నిస్సంకోచముగా నిత్తును. అతడైనను దాని నంతయు చదువనక్కరలేదు. మెటాటేబుళ్ళు, కోరొటీనులు అను ప్రకరణములను మొదటిసారి దాటిపోవచ్చును. చివర సి భాషతో లువాను గలుపుట చెప్పిన భాగము చాలకాల మతనికి పనికిరాదు. ఏ శిక్షనైనను ఇట్లే పరీక్షింపుడు. ఎవరి కొఱకు వ్రాయబడెనో పీఠికలో చెప్పెనా, ఉదాహరణము ప్రక్కన ఫలితము చూపెనా, పదియవ పుటలోని ప్రోగ్రాము మీ యంత్రములో మాఱుపాటు లేకుండ నడచెనా? మూడింటికిని అవునన్న బదులు వచ్చినచో పుస్తకము మంచిది. అట్ట యెంత సొగసైనను తక్కినవానిని ప్రక్కకు బెట్టుడు.

ఒక భాష తెలిసి మఱియొకటి నేర్చువానికి ఒక ప్రత్యేకమైన ప్రమాదము గలదు. హోసూరు వీధులలో పెరిగిన మనకది క్రొత్త గాదు. 'అవసరము' అన్న మనకు కావలసినదని యర్థము. తమిళునికిని కన్నడిగునికిని తొందర యని యర్థము. మాట యొక్కటే గాన తెలిసినట్లే తోచును. మోసమంతయు నచటనే యున్నది. పైథాన్ నుండి లువాకు వచ్చువానికిని ఇట్టి మాటలు పెక్కు. అచట పట్టికలోని మొదటి యంశపు సంఖ్య సున్న, ఇచట ఒకటి. అచట సున్న అసత్యముగా నెంచబడును. ఇచట అసత్యము, నిల్ అను రెండే అసత్యములు, సున్న సత్యమే. అచట జాబితా వేఱు, నిఘంటువు వేఱు. ఇచట రెంటికిని పట్టిక యొక్కటే. వీనిలో నెల్ల ప్రమాదకరమైనది మఱియొకటి. ప్రక్రియలో క్రొత్తపేరు నిలుపునపుడు ముందు 'లోకల్' అని వ్రాయనిచో ఆ పేరు ప్రోగ్రామంతటికిని జెందినదగును. పేరులో నొక యక్షరము తప్పుగా వ్రాసి చదువబోయినచో పైథాన్ అచటనే నిలిచి తప్పు చూపును. లువా నోరెత్తక నిల్ నిచ్చి ముందుకు సాగును. తప్పొకచోట, దాని ఫలితము పది పంక్తుల క్రింద. అందువలన శిక్షను చదువుచు, "నాకు తెలిసిన భాషతో పోలిక, తేడా" అని రెండు వరుసలుగా నోటుపుస్తకములో వ్రాసికొనుట మంచిది. రెండవ వరుసయే విలువగలది.

ఇంతవరకు చెప్పినది యే విద్యార్థికైనను వర్తించును. ఇకమీదటిది తెలుగువారికి ముఖ్యము. 'తెలుగు' అను మాటలో నెన్ని యక్షరములు? మూడని బాలశిక్ష చదివిన వాడెవడైన చెప్పును. పొడవు జెప్పు # గుర్తును ఆ మాటకు ముందుంచి లువాను అడుగుడు. పదునెనిమిది అని చెప్పును! పైథాన్ నడిగిన ఆఱు అని చెప్పును. ముగ్గురును తప్పు చెప్పలేదు. ముగ్గురును వేఱువేఱు వస్తువులను లెక్కించిరి. యూనికోడ్ పద్ధతిలో ఆ మాట త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అని ఆఱు సంకేతములుగా నిలుచును. యూటీఎఫ్-8 అను కూర్పున ప్రతి తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. ఆఱు మూళ్ళు పదునెనిమిది. లువా మాటను బైట్ల వరుసగా మాత్రమే చూచును. అందుచే మొదటి రెండు బైట్లను దఱిగి యిమ్మనినచో త యనునది ముక్కలై, చదువరాని గుర్తు కనబడును.

ఇంగ్లీషు ఉదాహరణములతో మాత్రమే వ్రాసిన శిక్షలో ఈ భేదము బయటపడదు. అయిదక్షరముల ఇంగ్లీషు మాటకు బైట్లు నైదే, సంకేతములు నైదే. పుస్తకకర్త దాచినది లేదు. ఆయనకు అడ్డు రాలేదు, అంతే. మనకు అడ్డు వచ్చును. ఇట్టిచోటనే శిక్షను మూసి వ్యాకరణమును తెఱవవలెను. మాన్యువల్‌లో మాటల పొడవును గూర్చిన చోట అది బైట్ల సంఖ్య యని స్పష్టముగా నున్నది. 2015లో వచ్చిన 5.3 మొదలు యూటీఎఫ్-8 కొఱకు ప్రత్యేక ప్రక్రియల గుంపు చేరినది; దానిలోని లెన్ ఆఱు అని చెప్పును. వికీపీడియాలోని 5.1లో నది లేదు గాని, తత్తుల్యమైన యుస్ట్రింగ్ అను గుంపును వికీ సాఫ్టువేరు కర్తలే యమర్చిరి. తెలుగు పేరులను దఱుగు మాడ్యూళ్ళలో యుస్ట్రింగ్ ఏల వాడబడినదో ఈ సంగతి తెలియనివానికి ఎన్నటికిని బోధపడదు. మూడు అను బదులు మాత్రము ఈ రెండును ఇయ్యవు. దానిని మనమే వ్రాసికొనవలెను.

దృశ్యపాఠములను గూర్చి రెండు మాటలు. వినుటకు హాయిగా నుండును; కూర్పు సంఖ్య చెప్పువారు తక్కువ. చూచినంత సేపు చేతులు కట్టుకొని కూర్చుండక, ప్రక్కన యంత్రములో వ్రాయుచు చూడవలెను. ప్రశ్నలకు బదులిచ్చు కృత్రిమమేధ సాధనములు తెలుగుననే వివరించుట నిజముగా నుపకారము. కాని అవి వేఱువేఱు కూర్పుల వాడుకలను ఒకే ప్రోగ్రాములో గలుపుట కద్దు. చెప్పినదానిని యంత్రములో నడిపి, మాన్యువల్‌తో సరిచూచి మఱి నమ్ముడు. పెద్దవారి నడుగునపుడు "నా ప్రోగ్రాము పనిచేయలేదు" అని యూరకొనరాదు. కూర్పు సంఖ్యను, ఆఱేడు పంక్తులకు కుదించిన ప్రోగ్రామును, వచ్చిన తప్పుమాటను ఉన్నదున్నట్లు, తాను ఎదురుచూచిన ఫలితమును చెప్పవలెను. ఇట్లు కుదించుచుండగనే తప్పు దొరకిన సందర్భము లనేకము.

అభ్యాసము: 'కృష్ణ', 'ఆంధ్ర' అను మాటల బైట్లను, సంకేతములను లువాచే లెక్కింపింపుడు. రెంటికిని పదునైదు, అయిదు అని వచ్చినచో మీ యంత్రము సరిగా నున్నది. తరువాత గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును, పొల్లు వెంటవచ్చు హల్లును లెక్కింపక విడుచునట్లు ప్రోగ్రామును దిద్దుడు; రెండు అని రావలెను. పిమ్మట 'బస్' అను మాట నిచ్చి, వచ్చిన సంఖ్యను మీ తెలుగు ఉపాధ్యాయునికి జూపి ఆయన యేమందురో అడుగుడు.